శనివారం చేతులు కట్టుకున్న మనిషి

ఇటుకల ట్రాక్టరును ఫారెస్టు బీటు ఆఫీసరు తండా మొదట్లోనే ఆపేశాడు.

"అడవి జాగల కొత్త కట్టడాలు నడవయ్. తిప్పు బండి."

"కొత్తది గాదు సారూ, మా సావిడే. మొన్నటి వానకు కూలింది" అంది చాంది.

"ఉన్నది రిపేరు చేసుకోండి. కొత్తది కడితే మాత్రం ఊకోను. సోమవారం రేంజరు సారు చూడనీకి వస్తడు."

ట్రాక్టరు వచ్చిన దారి పట్టింది.

తండా కూర్చునేది ఆ సావిట్లోనే. పంచాయితీ అక్కడే, పెళ్ళిమాటలు అక్కడే. మొగుడు పోయాక, యాభై ఏళ్ళ వయసులో చాంది అఆలు దిద్దింది కూడా అక్కడే.

ఇప్పుడు మిగిలింది ఒక్క గోడ.

"ఒక్క గోడకు రిపేరేంది వదినా, ఇగ మర్చిపోవుడే" అన్నాడు చాంది మరిది దేవ్లా. తండాకు నాయక్ అతనే.

"గోడ ఉందిగా" అంది వెనక నుంచి ఓ గొంతు.

రూతమ్మ. చాంది ఇంట్లో కిరాయికి దిగిన మనిషి. అడవిలోని రాకాసిగుళ్ళు, ఆ పాతకాలపు రాతి సమాధులు, చూడటానికి కృష్ణా నది అవతలి నుంచి వచ్చింది.

శుక్రవారం పొద్దుగూకే వేళ రెండు దీపాలు పెట్టేది. శనివారం పొయ్యి వెలిగించేది కాదు. శుక్రవారం లచ్చిందేవికి, శనివారం వెంకన్నకు మొక్కు కాబోలనుకుంది తండా.

"పదిహేను వందల ఏళ్ళ కింద యూదుల దేశాన్ని ఏలిన బైజాంటియం చక్రవర్తి కూడా ఈ మాటే అన్నాడు" అంది రూతమ్మ. "యూదులు కొత్త ప్రార్థన మందిరాలు కట్టకూడదు, కూలేవాటిని నిలబెట్టుకుంటే నిలబెట్టుకోవచ్చు అని."

"మరి వాళ్ళేం జేసిండ్రు?"

"కట్టారు. గచ్చు నిండా రంగురాళ్ళు పొదిగి మరీ కట్టారు. ద్రాక్షతీగలు, సింహాలు, ఏడు కొమ్మల దీపం. తవ్వితే ఇప్పటికీ బయటపడుతున్నాయి. ఆ చక్రవర్తే ఎక్కడా కనపడటం లేదు."

చాంది పకపకా నవ్వింది.

"గోడను కదపకండి. కూలిన రాయినే మళ్ళీ పేర్చండి. గచ్చు సంగతి నాకు వదిలేయండి."

ఆడవాళ్ళు వాగులో ఎర్రరాయి, నల్లరాయి, తెల్లరాయి ఏరుకొచ్చారు. రూతమ్మ వాటిని చిన్న ముక్కలు కొట్టి, తడిగచ్చులో ఒక్కొక్కటే ఒత్తేది.

"అక్కడి ఆడవాళ్ళు కూడా రాళ్ళతో పేర్లు రాసుకున్నారు చాందీ. నీ పేరు నువ్వే పేర్చు."

చాంది మోకాళ్ళ మీద కూర్చుని నల్లరాళ్ళతో తన పేరు పేర్చింది. అది చూసి తండా ఆడవాళ్ళంతా వచ్చి మా పేరో మా పేరో అన్నారు. అందరివీ చాందే పేర్చింది.

"మరి నీ పేరేదక్కా?"

రూతమ్మ ఓ మూలన కొమ్మలున్నదేదో పొదిగి ఊరుకుంది. తునికి చెట్టనుకుంది చాంది.

శుక్రవారం పొద్దు వాలింది. గచ్చు ఇంకా సగమే అయింది. అయినా రూతమ్మ చేతులు కడుక్కుని లేచింది.

శనివారం తండా అంతా రాయి మోసింది. రూతమ్మ చాంది ఇంటి అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చుంది.

దేవ్లా వచ్చాడు.

"ఏందమ్మా, ఎల్లుండి రేంజరొస్తడు. కలిపిన సున్నం ఆరిపోతున్నది. జల్దీ లెవ్వు."

"ఈ ఒక్కరోజు నన్ను అడగకు నాయక్. పొద్దుగూకాక వస్తాను."

"మొక్కు రేపు తీర్చుకో. వెంకన్న యాడికన్న పారిపోతడా?"

ఆమె కదల్లేదు.

చాందికి కోపం ఆగలేదు. "రాజుల కథలు జెప్పుడు అల్కగనే ఉంటది. రేంజరంటే గంత భయమైతే బస్సెక్కి పోరాదక్కా!"

"ఇవాళ బస్సు కూడా ఎక్కను" అంది రూతమ్మ.

చుక్కలు పొడిచాక రాళ్ళ సంచి పట్టుకుని సావిడికి వచ్చింది. మిగతా సగం అప్పటికే వట్టి సున్నంతో మెత్తేశారు.

"పనైపోయింది. ఇగ నువ్వు పో" అన్నాడు దేవ్లా.

చాంది తల తిప్పుకుంది.

రూతమ్మ సంచిని గడప పక్కన పెట్టింది. ఆదివారం మొదటి బస్సుకు వెళ్ళిపోయింది.

సోమవారం రేంజరు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది కొత్త కట్టడమే."

చాంది పాత గోడను అరచేత్తో చరిచింది. "ఈ గోడ మా మామ కట్టిండు సారూ. రాయి పాతదే, రేకులు పాతవే. పడ్డదాన్ని లేపినం. గంతే."

"మరి ఈ గచ్చు?"

"గచ్చు మీద మా పేర్లున్నయ్. తవ్వాల్నంటే ముందుగాల నా పేరు మీద గడ్డపార ఎయ్యున్రి."

పోయి తన పేరు మీద నిలబడింది. పక్క పేరు మీద ఇంకొకామె నిలబడింది. చూస్తుండగానే ఏ పేరూ బయటికి కనపడకుండా పోయింది.

రేంజరు పాత గోడకు ఫొటో తీసుకున్నాడు.

"రిపేరే" అని బీటు ఆఫీసరుతో చెప్పి జీపెక్కాడు.

ఆ సాయంత్రం చాంది ఫోనులో కూతురికి సావిడంతా చూపించింది. కూతురు జ్యోత్స్న ఇజ్రాయెల్‌లో ఒక ముసలమ్మకు సేవ చేసే పనిలో ఉంది.

"యాడీ, ఆగు! ఆ మూలకు దీపం ఎవరేసిండ్రు?"

"దీపమా? తునికి చెట్టు గాదా? రూతమ్మని మనింట్ల కిరాయికుండె, ఆమె ఏసింది. శనివారం పనికి రమ్మంటే రానని కూసున్నది. ఎల్లగొట్టినం."

"శనివారం పొయ్యి గిట్ల ముట్టిచ్చిందా?"

"లేదు. శుక్రవారం మాపటికి రెండు దీపాలు పెట్టి, తెల్లారి చల్లబువ్వ తినేది."

"ఈడ మా ముసలమ్మ గూడ గంతే యాడీ. శనివారం వాళ్ళకు దేవుని దినం, స్విచ్చు ముట్టది, బస్సెక్కది. తవ్వకాలల్ల ఎల్లిన పాత మందిరం చూపెట్టింది నాకు. గచ్చు మీద గిదే ఏడు కొమ్మల దీపం."

"ఎవరు బిడ్డా వాళ్ళు?"

"యూదులు. కృష్ణ అవతల మన తెలుగోళ్ళల్ల గూడ ఉన్నరట."

చాంది చూపు గడప పక్కకు పోయింది. రాళ్ళ సంచి అక్కడ అలాగే ఉంది.

భయపడి కూర్చుందనుకుని తాను బస్సెక్కమన్న మనిషి, పదిహేను వందల ఏళ్ళ కిందట చక్రవర్తి వద్దన్నా కట్టిన ఆ ఇంటి ఆడబిడ్డ.