నల్లమాడలో ఉగ్గాని యాడ బాగుంటాది?

“ఎవడు వీడు? నా ప్రశ్నకు నేను జవాబు రాసుకునే లోపలే దూరి రాసేసినాడు!” అంటూ వీరేష్ ఫోన్‌ను భార్య మొహం ముందుకు తోశాడు.

మౌనిక చేతుల నిండా శనగపిండి. బాణలి మీద ఒక కన్ను, ఫోన్ మీద ఒక కన్ను వేసి చదివింది.

‘నల్లమాడలో ఉగ్గాని బజ్జీ యాడ బాగుంటాది?’

ఆ ప్రశ్నను ఒక సైటులో వేసింది వీరేషే. పేరు మాత్రం ‘దారినపోయే దానయ్య’ అని పెట్టుకున్నాడు. మౌనిక ఫోన్లోంచి ఇంకో పేరుతో ‘వీరేష్ టిఫిన్ సెంటర్, ఇంకేం ఆలోచించొద్దు’ అని తనే జవాబు రాయాలనేది అతని ఎత్తు. ఆ ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, టీ తాగి వచ్చేసరికి ఎవరో ‘బాటసారి’ అట, రాసేశాడు.

‘హనుమంతమ్మ అంగడి. ఎదురుగా వీరేష్‌ది ఒకటుండాది గానీ, ఆయప్ప బొరుగులు నానబెడతాడు, పిండేది మర్చిపోతాడు.’

దాన్ని మెచ్చుకున్నవాళ్లు అప్పుడే చాలామంది అయ్యారు.

“మూడు సైట్లు పక్కపక్కన పెట్టి చూసి, ఇదే మేలంటివి గదబ్బా!” అంది మౌనిక.

అన్నమాట నిజమే. మొదటి సైటు మ్యాపులో అతని హోటల్‌ను తీసుకుపోయి చెరువు నడిమధ్యలో పెట్టింది. నీళ్లు లేని చెరువు కాబట్టి సరిపోయింది. రెండోదాంట్లో పేరు ఎక్కించాక గిరాకీ రాలేదు; ‘సార్, ప్రకటన ఇస్తారా?’ అని ఫోన్లు మాత్రం వచ్చాయి. ఈ మూడోది అలా కాదు. అడిగేది జనమే, చెప్పేదీ జనమే. జనం మాటను మించింది లేదని వీరేష్ భార్యకు నిన్న పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. ఇప్పుడు ఆ జనం మాటే గొంతులో అడ్డం పడింది.

“ఇది ఆ హనుమంతక్క రాయించిందే. పోయి అడిగొస్తా.”

“పోవద్దు. నగుబాటైతావు.”

“నగితే నగనీ!”

లుంగీ ఎగ్గట్టి రోడ్డు దాటాడు. హనుమంతమ్మ రేకుల షెడ్డులో, బస్సుల కోసం కాచుకున్నవాళ్లు బెంచీల నిండా కూర్చుని తింటున్నారు. తన హోటల్లో ఈగలు కూడా నిలబడకుండా పోతున్నాయన్న సంగతి గుర్తొచ్చి అతనికి ఇంకా మండింది.

“ఏమక్కా, ఫోన్లో నా మీద రాయిస్తాండావంట?”

“ఏం ఫోనప్పా?” హనుమంతమ్మ నడుము దగ్గర దోపుకున్న బటన్ల ఫోన్ తీసి చూపించింది. “మోగితే ఎత్తేదొకటే తెలుసు నాకు.”

“మరి నా ఉగ్గాని ముద్దగా ఉండాదని ఎవరు చెప్పినారు?”

“ముద్దగా ఉండాదా?”

“అంటే... ఈ కరువు సీమలో నీళ్లు దండిగా ఉండేది నా ఉగ్గానిలోనే అని మా ఇంట్లోదే అంటాది.”

హనుమంతమ్మ పగలబడి నవ్వింది. అనేశాక వీరేష్‌కూ నవ్వొచ్చింది కానీ, కొట్లాటకు వచ్చిన మనిషి కదా, బిగబట్టుకున్నాడు.

“నిలబడి ఏం కొట్లాడతావులే. కూర్చో. తిని తిట్టు,” అని ఆమె ఒక ప్లేటు అతని ముందు పెట్టింది.

తప్పు పట్టుకోవాలనే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఏ బొరుగుకా బొరుగు విడిగా ఉంది. పప్పుల పొడి ఘుమఘుమలాడుతోంది. తప్పు దొరకలేదు. రెండో ముద్దలో వెతికాడు. మిరపకాయ బజ్జీ కొరికి, దాంట్లో వెతికాడు. వెతుకుతుండగానే ప్లేటు ఖాళీ అయిపోయింది.

“ఇంకొంచెం వెయ్యక్కా. సరిగ్గా చూడల్ల.”

సరిగ్గా చూసి, మూతి తుడుచుకుంటూ తన హోటల్ చేరేసరికి మౌనిక గడపలోనే ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు కదులుతున్నాయి.

“అడిగొస్తివా?”

“అడిగినా. ఆయమ్మకేం తెలీదు, పాపం.”

“నీ ప్రశ్నకు ఇంకో జవాబొచ్చింది, చూడు.”

మళ్లీ ఆ బాటసారే. ఈసారి ఫోటో పెట్టాడు. హనుమంతమ్మ షెడ్డులో, రెండో ప్లేటు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని బజ్జీ కొరుకుతున్న వీరేష్. కింద ఒకే మాట: ‘ఎదురు హోటల్ ఓనరు కూడా ఈడికే వచ్చి తింటాడు.’

వీరేష్‌కు ముందు ఒళ్లు మండింది. తర్వాత తన మొహాన్ని తనే దగ్గరగా చూసుకున్నాడు. అంత తృప్తిగా తినే మనిషిని తన హోటల్లో ఇంతవరకూ చూడలేదు.

ఫోటో అడుగున సైటు అడుగుతోంది: ‘మీ ప్రశ్నకు సరైన జవాబు దొరికిందా?’

వీరేష్ ‘దొరికింది’ అని నొక్కాడు.