హనుమక్క ఇవ్వని టీ

"ఒక టీ ఇయ్యమ్మా."

యూనివర్సిటీ గేటు ముందు స్కూటర్ ఆపి ఒక ముసలాయన అడిగాడు.

హనుమక్క టీ బండి మీద గిన్నెలో టీ కుతకుతా మరుగుతోంది.

"అయిపాయ సామీ," అంది హనుమక్క.

పక్కనే షామియానా కింద కూర్చున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు.

ముసలాయన మరుగుతున్న గిన్నె వైపు ఒకసారి చూశాడు. గేటు లోపలికి వెళ్ళిపోయాడు.

షామియానా కింద ఉన్నవాళ్ళు పేరుకు పీహెచ్‌డీ విద్యార్థులు. కానీ కింది క్లాసులకు పాఠాలు చెప్పేది వాళ్ళే. పేపర్లు దిద్దేదీ వాళ్ళే. పాఠం చెప్పేటప్పుడు సార్లు, మేడమ్‌లు. జీతం మాట ఎత్తితే మాత్రం స్టూడెంట్లు.

అందుకే సంఘం పెట్టుకున్నారు. సోమందేపల్లి నుంచి వచ్చే ఎస్తేరు దానికి కార్యదర్శి.

"స్టూడెంట్లకు ఉద్యోగుల సంఘమేమిటి?" అన్నాడు రిజిస్ట్రార్.

"అట్లయితే స్టూడెంట్లు పాఠాలు చెప్పరు సార్," అంది ఎస్తేరు.

మరుసటి రోజు నుంచే గేటు దగ్గర కూర్చున్నారు. క్లాసులు ఆగితేనే సంఘం నిలుస్తుంది. వాళ్ళు లేకుండా నడిచిపోతే ఇక వాళ్ళను అడిగేవాడే ఉండడు.

అప్పుడే ఆఫీసు ఈ ముసలాయన్ను తెచ్చింది. పేరు ఆదినారాయణ. ధర్మవరం మనిషి, రిటైరైన లెక్చరర్. ఎస్తేరు చెప్పే ఎకనామిక్స్ క్లాసు ఆయనకిచ్చారు. అది నడిస్తే మిగతా క్లాసులకూ ఇట్లాగే మనుషుల్ని తెద్దామని ఆఫీసు ఆలోచన.

మర్నాడు పొద్దున ఎస్తేరు స్కూటర్‌కు అడ్డంగా నిలబడింది.

"సార్, పింఛను వస్తాండాది కదా మీకు? మా నోటికాడ కూడు ఎందుకు తీస్తాండారు?"

"మగ్గం ఇంట్లో పుట్టినోన్నమ్మా నేను," అన్నాడాయన నిదానంగా. "మగ్గం ఖాళీగా పెట్టగూడదు."

"సూడప్పా!" అన్నాడు వెనక నుంచి కుళ్ళాయప్ప. ఆయనది హిందూపురం, సంఘంలో గొంతు పెద్దది. "మన కడుపు కొట్టేదానికి సామెత కూడా తెచ్చుకున్యాడు!"

ఆదినారాయణ తల వంచుకుని లోపలికి పోయాడు.

ఆ రోజు నుంచి ఆయన వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాట. ఎండగా ఉందని ఒకసారి షామియానా అంచున నిలబడితే, కుళ్ళాయప్ప ఆ పక్క గుడ్డ పైకి చుట్టేశాడు. హనుమక్క టీ మాత్రం ఆయన వచ్చే సమయానికి రోజూ అయిపోయేది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. కొత్త సార్ ఎంతవరకు చెప్పాడో చూద్దామని ఆఫీసు ఎస్తేరు క్లాసుకు ఒక టెస్టు పెట్టింది.

పిల్లలంతా తెల్లకాగితాలు ఇచ్చి బయటికొచ్చారు.

గేటు దగ్గర ఒకటే నవ్వులు.

"పాఠం చెప్పేది కూడా రాదప్పా ఆయప్పకు!" అన్నాడు కుళ్ళాయప్ప.

ఆ మధ్యాహ్నమే రిజిస్ట్రార్ గేటు దగ్గరికి నడిచి వచ్చాడు. సంఘాన్ని ఒప్పుకుంటున్నామన్నాడు. సంతకం కూడా పెట్టాడు. రేపటి నుంచి క్లాసులకు రమ్మన్నాడు.

ఈలలు, చప్పట్లు. హనుమక్క అందరికీ ఊరికే టీ పోసింది.

ఆ సందడిలోనే ఆదినారాయణ స్కూటర్ తోసుకుంటూ బయటికి వచ్చాడు. ఆఫీసు ఆయన్ను ఇంక రావద్దంది.

"ఏం సార్, గెలిచినాం!" అంది ఎస్తేరు గట్టిగా. "ఇంగ ఏ మగ్గం ఖాళీగా ఉండాదో యాడన్నా ఎతుక్కోండి!"

"సంతోషమమ్మా," అన్నాడాయన. ముఖం నిండా నవ్వు.

సిగ్గు లేని మనిషి, అనుకుంది ఎస్తేరు.

ఆయన స్కూటర్ ధర్మవరం వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు ఎస్తేరు క్లాసులోకి అడుగుపెట్టి బోర్డు వైపు చూసి ఆగిపోయింది. సమ్మెకు ముందు ఆమె సగం గీసి వదిలిన గ్రాఫు అట్లాగే ఉంది.

"ఇది ఎవరూ చెరపలేదా?"

"సార్ చెరపనీలేదు మేడమ్," అంది ముందు బెంచీలో మంజుల.

"మరి పాఠం యాడ రాస్తాండె?"

"రాసేది లేదు, చెప్పేది లేదు మేడమ్. వచ్చి కుర్చీలో కూర్చుంటాండె. మా ఊర్లో వాన పడిందా, చెనిక్కాయ పైరు ఎట్లుండాది అని అడుగుతాండె. వాళ్ళ నాయన కాలంలో నేసేటోళ్ళు పని ఆపితే, షావుకారు కొత్తోళ్ళను తేకుండా ఉండేదానికి పక్కింటోళ్ళు వచ్చి ఆ మగ్గాల్లో కూర్చుంటాండ్రంట. ఊరికే కూర్చునేదే. ఒక్క పోగు నెయ్యరంట."

ఎస్తేరు చేతిలో సుద్దముక్క అట్లాగే ఉండిపోయింది.

"మాతో ఒక్క మాట చెప్పుంటే ఏమాయ?"

"మేమూ అడిగినాం మేడమ్," అంది మంజుల. "'చెప్తే రేపటినుంచి హనుమక్క నాకు టీ ఇస్తాది. ఆమె టీ ఇచ్చిన రోజే ఆఫీసోళ్ళు నన్ను తీసేసి, నిజంగా పాఠం చెప్పేటోన్ని తెస్తారు' అన్యాడు."