హత్య నవలలో అబద్ధం

వల్పరైసో గ్రంథాలయంలో ఎదెల్మీరా తను చదివేసిన మూడు కొత్త నవలలు బల్లమీద పెట్టింది. వారం వారం ఆమె తీర్పు వినడం గుమస్తా ఫాబియాన్‌కు అలవాటే.

"దయ్యాల నవలలో దయ్యం తలుపు తట్టి మరీ లోపలికొస్తుంది. ప్రేమ నవలలో ఇద్దరికీ ఆకలే వెయ్యదు. హత్య నవలైతే శుద్ధ అబద్ధం బాబూ."

"హంతకుడు ముందే తెలిసిపోయాడా అమ్మా?"

"అది కాదు. మొగుడు పోగానే ఆవిడ కిటికీ దగ్గర నిలబడి అందంగా ఏడుస్తుంది. అలా ఎవరేడుస్తారు? ఆయన కళ్ళజోడు ఎక్కడ పెట్టాలో తోచక ఇల్లంతా తిరుగుతాం గానీ."

ముద్ర వేస్తున్న ఫాబియాన్ చెయ్యి ఆగిపోయింది. ఆమె భర్త కోసం ఎప్పటిలా తీసి ఉంచిన అంతరిక్ష నవలను మెల్లగా వెనక్కి జరిపాడు.

"దాన్నెందుకు దాస్తావు? ఇటివ్వు," అంది ఎదెల్మీరా. "ఆయన ఇలాంటివి చదువుతూ పడీపడీ నవ్వేవాడు. ఇందులో ఎక్కడ నవ్వి ఉండేవాడో చూస్తాను."