రీనోకి బయల్దేరిన వేడ్ ట్రక్కు

చనిపోయిన కొడుకు వేడ్ ఎలక్ట్రిక్ ట్రక్కును లాయిడ్ అమ్మేయడానికి రీనో నగరానికి తీసుకెళ్తున్నాడు. తాము ప్రయాణిస్తున్న మోటర్‌హోమ్, అంటే ఇల్లులాంటి పెద్ద బండి, వెనక తగిలిస్తే, అది నాలుగు చక్రాల మీదా దొర్లుతూ వస్తోంది. పక్కనున్న భార్య ఓపల్ రెండు రోజులుగా అతనితో మాట్లాడలేదు.

నడిరాత్రి ఎడారిలో బండి ఉన్నట్టుండి బరువెక్కింది. వెనక ట్రక్కు చక్రాలు కీచుమన్నాయి.

లాయిడ్ ఆపి, టార్చితో వెళ్లి చూశాడు. తలుపులకు వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల ఎవరూ లేరు. బ్రేకు పెడల్ మాత్రం అడుగుదాకా నొక్కుకుని ఉంది.

"ఏదో చెడిపోయినట్టుందే," అన్నాడు తిరిగొచ్చి.

"చెడిపోవడానికి ఇంకేం మిగిలిందని? వాడు పోయి నెల తిరక్కుండానే బేరం పెట్టావ్."

ఓపల్ అద్దం దించి చీకట్లోకి తల పెట్టింది.

"దిగి రారా కన్నా. మీ నాన్న ఎవరి మాటా వినడు."

వెనక ట్రక్కు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కాసేపటికి, మూసుకున్న చప్పుడు.