జానెడు కిందికి

“ఇవాళ రెల్య చేతికి బంతి సరిగ్గా అందకూడదు,” అన్నాడు బాస్కెట్‌బాల్ కోచ్ గ్రాదిమిర్, గది తలుపు మూసి.

బూటు తాళ్ళు కట్టుకుంటున్న విదాన్ తలెత్తి చూశాడు.

“ఏమంటున్నారు కోచ్?”

“ఇటలీ నుంచి ఫ్రానే అనేవాడు వచ్చి కూర్చున్నాడు. ఆటగాళ్ళని ఏరుకుపోవడమే వాడి పని. రెల్య ఆట చూశాడంటే ఎగరేసుకుపోతాడు. ఆ తర్వాత మనకి మిగిలేది నీ అరిగిన మోకాళ్ళూ, నా బట్టతలా!”

“వాడు నన్ను అన్నా అని పిలుస్తాడు.”

“అందుకే నీకు చెబుతున్నా. ఇంకెవరు తేడా చేసినా పసిగట్టేస్తాడు. నిన్ను అనుమానించడు. ఈ ఒక్కరోజు గట్టెక్కితే చాలు, సోమవారం వాడి చేత మన జట్టుకే రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టించేస్తాను.”

జట్టు లీగు పట్టికలో కింది నుంచి రెండో స్థానంలో ఉంది. ఇంకో మెట్టు జారితే హాలుకి తాళం వేస్తామని పురపాలక సంఘం ముందే చెప్పేసింది. ఊళ్ళో రొట్టెల దుకాణం అద్దం మీద కూడా రెల్య బొమ్మే. తొమ్మిదేళ్ళుగా బంతిని మోసుకెళ్ళి ఎవరో ఒకరికి అందిస్తున్న విదాన్ బొమ్మ ఎక్కడా లేదు. ఒప్పుకోవడానికి కారణం జట్టు మీద ప్రేమ ఒక్కటే కాదని అతనికి తెలుసు. తెలిసే తలూపాడు.

ఆట మొదలైంది. విదాన్ పెద్దగా ఏమీ చెయ్యలేదు. ఛాతీ ఎత్తున వెయ్యాల్సిన బంతిని జానెడు కిందికి వేశాడు. రెల్య కుడివైపు దూకితే అరక్షణం ఆగి విసిరాడు. బంతి రెల్య వేళ్ళకి తగిలి బయటికి పోయేది. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ చూస్తున్న జనం మొదట నిట్టూర్చారు, తర్వాత ఈలలు వేశారు.

“ఏరా రెల్యా, చేతులకి వెన్న రాసుకొచ్చావా?” అని పైనుంచి ఒకడు అరిచాడు. రెండో వరసలో కొత్త కోటు తొడుక్కుని కూర్చున్న రెల్య తల్లి ఒళ్ళోకి చూసుకుంది.

విరామంలో రెల్య వచ్చి విదాన్ పక్కన కూలబడ్డాడు. “నన్ను క్షమించన్నా. నువ్వు చక్కగానే ఇస్తున్నావు. నా చేతులే వణుకుతున్నాయి.”

“నీళ్ళు తాగు,” అన్నాడు విదాన్.

పంతొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయారు. రెల్య తువ్వాలు మొహం మీద కప్పుకుని కూర్చుండిపోయాడు. గ్రాదిమిర్ వచ్చి అందరి ముందూ వాణ్ణి ఓదార్చాడు. “పోనీలేరా, మన ఊళ్ళో మనకేం తక్కువ?” అంటూనే, వెనకనుంచి విదాన్ భుజం గట్టిగా నొక్కాడు. విదాన్ ఆ చేతిని విదిలించుకున్నాడు.

స్నానమైనా చెయ్యకుండా బయటపడ్డాడు. ఫ్రానే ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని చిక్కుడు గింజల చారులో రొట్టె ముంచుకుని తింటున్నాడు. పక్కనే తీసుకుపోదామనుకున్న ఆటగాళ్ళ పేర్లు రాసుకున్న చిన్న నోటుపుస్తకం, పెన్సిలు ఉన్నాయి.

“కూర్చో. తింటావా?” అన్నాడు.

“వద్దండి. ఒక్క మాట చెప్పి పోతాను. ఇవాళ్టి ఆట చూసి ఆశ వదిలేసుకోకండి.”

ఫ్రానే నవ్వాడు. “ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నానయ్యా. ఒక్కరోజు ఆట చూసి ఎవర్నీ తేల్చెయ్యను. ఎంతటివాడికైనా చెడ్డరోజు ఉంటుంది. వచ్చే శనివారం మళ్ళీ వస్తాను.”

విదాన్ గుండె తేలికపడింది. అక్కడితో లేచి వచ్చేసినా సరిపోయేది. కానీ సోమవారం సంతకం గుర్తొచ్చింది. తువ్వాలు కింద వణుకుతున్న ఆ భుజాలు కళ్ళముందు మెదిలాయి.

“శనివారానికి ఆలస్యమైపోతుందండీ. అది చెడ్డరోజు కాదు. బంతులన్నీ నేనే తేడాగా వేశాను. కావాలనే వేశాను.”

ఫ్రానే చేతిలోని రొట్టె ముక్క ఆగిపోయింది. “ఆట మొత్తమా?”

“మొత్తం.”

“ఎవరు చెయ్యమన్నారు?”

“ఎవరు చెప్తే ఏముంది లెండి? చేసింది నేను.”

ఫ్రానే మూతి తుడుచుకుని, నోటుపుస్తకం తెరిచి, పెన్సిలుతో ఒక పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

విదాన్ కంగారుగా ఆ చెయ్యి పట్టుకున్నాడు. “అయ్యో, కొట్టెయ్యకండి! నేను చెప్పొచ్చిందే అది కదా! వాడి తప్పు ఆవగింజంతైనా లేదండీ!”

ఫ్రానే నోటుపుస్తకాన్ని అతని వైపు తిప్పాడు.

కొట్టేసిన పేరు విదాన్‌ది.