కోయని గుర్రం

నారిన్ నది పొంగి నా కొడుకుని పట్టుకుపోయిన ఏడాది అది. తెల్లారితే వాడి నలభయ్యో రోజు భోజనాలు. ఆ రోజు గుర్రాన్ని కోసి ఊరికి పెట్టడం మా ఆచారం. తమ్ముడు సాదిర్ కత్తి నూరుతున్నాడు. కోడలు బురుల్ ఇంట్లో ఉన్న ఒక్క ఆడగుర్రం మెడ పట్టుకుని వదలడం లేదు.

"పక్కకి జరుగమ్మా. గుర్రాన్ని కోయకపోతే ఊళ్ళో తలెత్తుకోగలమా?" అన్నాడు సాదిర్.

"ఊరు తినేసి పోతుంది చినమామయ్యా. దీని పాలమ్మే కదా పిల్లలకింత తిండి పెడుతున్నా!"

"అప్పు చేసి ఇంకోటి కొనుక్కో."

"అది ఈని పాలిచ్చేదాకా అప్పు దేంతో తీర్చను? ముందు నన్ను కొయ్యండి!"

సాదిర్ నా వైపు చూశాడు. కొడుకు పేరు నిలబడాలని కోయమన్నది నేనే. వాడి పిల్లలిద్దరూ గుర్రాన్ని ఆనుకుని నిలబడ్డారు.

సాదిర్ చేతిలో కత్తి లాక్కున్నాను.

మర్నాడు పొద్దున గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకి నా చేత్తోనే రొట్టె, టీ ఇచ్చాను. "మాంసం లేదు. కోయొద్దన్నది నేనే," అన్నాను.