మోత చచ్చిన గుండు

"నాయనా, కొట్టద్దు! అది మృదంగం కాదు," అని అరిచింది కోమలి.

ఆమె తండ్రి మునిశేఖర్ వినలేదు. మృదంగం శ్రుతి చేసే గులకరాయితో, ఊరి పైన కొండవాలులో నిలబడిన ఆ పెద్ద రాతిగుండును తడుతూ నడిచినాడు. ఒకచోట ఆగినాడు.

"ఈడ మోత చచ్చిపోయుండాది."

"గుండు కదిలితే నా సెన్సార్లు చెప్తాయి. ఆరూ నిమ్మళంగా ఉండాయి. భయం లేదని రిపోర్టు కూడా రాసేసినా."

"నిన్న ఒక్క తావులోనే చచ్చింది. ఈపొద్దు మూడు తావుల్లో."

"నిన్న గూడా కొట్టినావా?"

"మూడు దినాలుగా కొడతాండా. నవ్వుతావని చెప్పలే."

కోమలి నవ్వలేదు. "మృదంగంలో ఒకపక్క ఇట్ల మోత పోతే ఏం జేస్తావు?"

"ఎదురుపక్క సూస్తా. ఈడ తోలువారు వదులైతే బిగువంతా ఆడికే పోతాది."

కోమలి గుండు ఎదురుపక్కకు తలతిప్పింది. సెన్సార్లన్నీ తాను గుండుకు కాలిబాట వైపునే అంటించింది. ఎదురుపక్క కాలు పెట్టే చోటు లేదని వదిలేసింది. ఆ పక్క కిందనే ఊరు.

నడుముకు తాడు కట్టుకుని అంచు మీదుగా వంగి చూసింది. గుండు అడుగున తెల్లటి రాతిపొడి, అప్పుడే తిరగలిలో విసిరిన పిండిలా రాలి ఉంది. చూస్తుండగానే ఇంకొంచెం రాలింది.

"నాయనా, ఇంకొక్కసారి కొట్టు. ఫోన్‌లో రికార్డు చేస్తా," అంది.

మునిశేఖర్ గులకరాయిని జేబులో వేసుకున్నాడు.

"వద్దమ్మా. ఇంక దాన్ని తాకగూడదు."

కింద, సరిగ్గా ఆ గుండు నీడ పడేచోట, బడిగంట మోగింది.